ముక్కులోంచి మెదడు ఆపరేషను: ఆ ఒక్క సూది పనిచెయ్యాలంటే ఊరంతా జాగర్తగా ఉండాల

"ముక్కులోంచి మెదడు గడ్డ తీస్తారంట, నిజమేనా?" అని మా ఊరోళ్లు నన్ను చానామంది అడిగినారు. నిజమే. తల కొయ్యకుండా, గుండు గియ్యకుండా, ముక్కు రంధ్రాల్లోంచి కెమెరా ఉండే సన్న గొట్టం పంపించి మెదడు అడుగున పెరిగిన గడ్డను తీసేస్తారు. దీన్ని ఎండోస్కోపిక్ స్కల్ బేస్ సర్జరీ అంటారు. ఈ మాట నమ్మినాక వెంటనే ఇంకో మాట వస్తాది. "ముక్కంటే చీమిడి, దుమ్ము, సూక్ష్మజీవులు. దాంట్లోంచి మెదడు కాడికి పోతే చీము పట్టదా? అట్లయితే పది పదైదు దినాలన్నా గట్టి యాంటీబయాటిక్ వెయ్యాల కదా?"

చీము పట్టదా అని అడిగేది సరైన ప్రశ్నే. పది పదైదు దినాలు వెయ్యాల అనుకునేదే తప్పు. ఆ తప్పు ఆసుపత్రి గడప కాడ ఆగిపోదు. మన ఊరి మందుల అంగడి దాంకా, పశువుల కొట్టం దాంకా, టమోటా తోట దాంకా పాకింది. అందుకే ఇది రాస్తా ఉండా.

నాది నిమ్మనపల్లె. బెంగళూరులో ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేస్తా ఉండా. ఇట్లాంటి ఆపరేషన్లలో సర్జన్ చేతికి సామాన్లు అందించేది, ఏ మందు ఎన్ని గంటలకు పడిందో రాసిపెట్టేది నా పని. నేను డాక్టరును కాదు. ఎవరి వైద్యం మార్చమనీ చెప్పను. థియేటర్లో రోజూ చూసేది, చదివి తెలుసుకున్నది మన భాషలో చెప్తా.

మిద్దె, కింద గది

మన తలకాయను ఒక మిద్దె ఇల్లనుకోండి. పై గదిలో మెదడు ఉంటాది. కింద గది ముక్కు, దాని వెనకుండే సైనస్ గాలి గదులు. రెండిటికీ నడుమ ఉండే కప్పే స్కల్ బేస్, అంటే పుర్రె అడుగు. ఆ కప్పు కొన్ని చోట్ల కోడిగుడ్డు పెంకంత పలచగా ఉంటాది. ఆ కప్పులోనే చిన్న గుంత ఉండి, దాంట్లో శనగ్గింజంత పిట్యూటరీ గ్రంథి కూర్చోని ఉంటాది. ఒంట్లో హార్మోన్లు చానావరకు దీని చెప్పుచేతల్లోనే నడుస్తాయి.

ఈ గ్రంథిలో గడ్డ పెరిగితే పైన పోయే కంటి నరాలు నొక్కుకుంటాయి. ఎదురుగా ఉండేది కనిపిస్తాది గానీ పక్కనుంచి వచ్చే బండి కనపడదు. కొందరికి చేతులు, కాళ్లు, దవడ పెద్దవైతాయి, చెప్పుల సైజు మారిపోతాది. కొందరు ఆడోళ్లకు నెలసరి ఆగిపోతాది, బిడ్డ లేకపోయినా పాలు పడతాయి. గాలి సోకిందనీ, వయసైందనీ ఊర్లో ఏళ్లు గడిపేసి, చూపు సగం పోయినాక బెంగళూరుకో, వేలూరుకో, తిరుపతికో పోయేవాళ్లు మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం దిక్కున కూడా ఉండారు.

ముక్కు దారిన పిట్యూటరీ గడ్డ తీసేది కొత్త సంగతేం కాదు. 1907లో ఆస్ట్రియాలో ష్లోఫర్ అనే డాక్టరు మొదట చేసినాడు. తర్వాత అమెరికాలో హార్వే కుషింగ్ పై పెదవి కింద కోసి ఆ దారిన చానామందికి చేసినాడు. గమనించండి, అప్పటికింకా పెన్సిలిన్ పుట్టనే లేదు. 1990ల్లో ఎండోస్కోప్ వచ్చినాక పని సులువైంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జో, కరావ్ అనే ఇద్దరు డాక్టర్లు 50 మందికి ఇట్ల చేసి 1997లో ఫలితాలు చెప్పినారు. అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది.

గండి యాడుందో అక్కడే ముప్పు

ఇప్పుడు చీము సంగతికి వద్దాం. ముక్కును ఎంత కడిగినా సూక్ష్మజీవులు లేకుండా చెయ్యలేము. పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ఊరికే కాపురముంటాది, ఏమీ చెయ్యదు. న్యుమోకాకస్ లాంటివీ ఉంటాయి. ఇవి కింద గదిలో ఉన్నంత వరకు మనకు ముప్పు లేదు. పై గదిలోకి ఎక్కినాయంటే మెనింజైటిస్ వస్తాది, అంటే మెదడు పొరల వాపు. ప్రాణం మీదికొచ్చే జబ్బు.

మెదడు చుట్టూ నీళ్లు ఉంటాయి. వాటిని సీఎస్ఎఫ్ అంటారు. ఆ నీళ్లను పట్టి ఉంచేది డ్యూరా అనే గట్టి పొర. గడ్డ తీసేటప్పుడు ఒకోసారి ఆ పొర చిరుగుతాది, ఒకోసారి కావాలనే కొయ్యాల్సి వస్తాది. సరిగ్గా మూయకపోతే పై గది నీళ్లు ముక్కులోకి కారతాయి. నీళ్లు కిందికి దిగే దారినే సూక్ష్మజీవులు పైకి ఎక్కుతాయి.

అయితే అందరూ భయపడినంత చీము పడుతోందా? పిట్స్‌బర్గ్ డాక్టర్లే వెయ్యి ఆపరేషన్ల లెక్క తీసి 2011లో ప్రకటించినారు. మెనింజైటిస్, మెదడులో చీముగడ్డ రెండూ కలిపి 18 మందికి వచ్చినాయి. నూటికి ఇద్దరు కూడా లేరు. అంత గబ్బు దారిలోంచి పోయినా ఇంతే. ఎవరికి జాస్తిగా వచ్చినాయో కూడా వాళ్లు చూసినారు. ఆపరేషను తర్వాత నీళ్లు కారినవాళ్లకు, చిక్కు గడ్డలు ఉన్నవాళ్లకు, మెదడు నీళ్లు బయటికి తీసే గొట్టం పెట్టినవాళ్లకు.

మనూర్లో చెరువుకట్టకు గండి పడితే ఏం చేస్తాం? నీళ్లలో మందు కలపం. మట్టి, రాళ్లు వేసి ముందు గండి పూడుస్తాం. ఈడ కూడా అంతే. సర్జన్లు పొట్టలోంచి రొంత కొవ్వు, తొడలోంచి గట్టి పొర తీసి రంధ్రానికి అడ్డం పెడతారు. దానిపైన ముక్కు మధ్యగోడ మీదుండే పొరను, దాని రక్తనాళం తెగకుండా తిప్పి కప్పుతారు. రక్తం పారతా ఉంటాది కాబట్టి ఆ పొర బతికే ఉంటాది, తొందరగా అతుక్కుంటాది. ఈ పద్ధతిని అర్జెంటీనాకు చెందిన హదాద్, బస్సగస్తెగీ అనే డాక్టర్లు కనిపెట్టి 2006లో ప్రపంచానికి చెప్పినారు. అంతకు ముందు పెద్ద రంధ్రాలు పడితే నాలుగైదు కేసుల్లో ఒకటి కారేది. వాళ్ల లెక్కలో నూటికి అయిదు ప్రాంతానికి దిగింది. మెదడును కాపాడే పని మందు కంటే ఈ పూడిక పనే జాస్తి చేస్తాది. థియేటర్లో ఎక్కువ సేపు పట్టేది గడ్డ తీసేదానికి కాదు, మూసేదానికి అనిపించే రోజులు చానా ఉంటాయి.

అయితే మందెందుకు? ఎన్ని దినాలు?

యాంటీబయాటిక్ రెండు పనులకు వాడతారు. ఒకటి, జబ్బు వచ్చినాక తగ్గించేదానికి. రెండు, రాకుండా ముందుగా అడ్డం పెట్టేదానికి. మనోళ్లు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు.

జబ్బు వచ్చినాక ఇచ్చే మందు, డాక్టరు చెప్పినన్ని దినాలు పూర్తిగా తినాల. మెనింజైటిస్ వస్తే వారాల తరబడి సెలైన్‌లో ఎక్కించాల్సి రావచ్చు. దాంట్లో ఎవరికీ అనుమానం లేదు.

రాకుండా ఇచ్చే మందు లెక్క వేరే. కత్తి పడే నిమిషానికి ఆ మందు రక్తంలో, కండలో నిండుగా ఉండాల. అందుకే సెఫజోలిన్ లాంటి మందును ఆపరేషను మొదలుకు ముందు గంట లోపల్నే నరంలోకి ఇస్తారు. వార్డులో పొద్దున్నే ఇచ్చేసి మధ్యాహ్నం ఆపరేషను చేస్తే ఉపయోగం లేదు. అప్పటికే మందు మూత్రంలో పోయి ఉంటాది. ఆపరేషను నాలుగు గంటలు దాటితే, లేదా రక్తం చానా పోతే, ఇంకో డోసు వేస్తారు. నేను గడియారం చూసి రాసిపెట్టేది ఇందుకే. మందు పేరు కంటే ముందు టైము ముఖ్యం.

ఆపరేషను అయిపోయినాక? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒకటే మాట చెప్పింది: జబ్బు రాకుండా అనే పేరుతో ఆపరేషను తర్వాత యాంటీబయాటిక్ పొడిగించొద్దు. చానా ఆసుపత్రుల్లో 24 గంటల లోపల ఆపేస్తారు. మరి ముక్కు ఆపరేషనుకి అది చాలునా? 2007లో న్యూయార్క్ డాక్టర్లు 90 మంది రోగుల ఫలితాలు ప్రకటించినారు. ఒకటి రెండు దినాలే మందిచ్చినారు. ఒక్కరికీ మెనింజైటిస్ రాలేదు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా, ఎక్కువ దినాలు వేసినందువల్ల అదనంగా లాభం ఉందని చూపించలేకపోయినాయి.

ఇప్పుడు కూడా కొందరు సర్జన్లు ముక్కులో దూది ప్యాకింగ్ ఉన్నన్ని దినాలు మందిస్తారు. ముందే సైనస్‌లో చీము ఉంటే, నీళ్లు కారతా ఉంటే, రోగి ఒళ్లు బలహీనంగా ఉంటే వాళ్లకు వేరే లెక్క ఉంటాది. అది వాళ్ల నిర్ణయం. ఈ వ్యాసం చదివి ఎవరూ డాక్టరు రాసిన మందు ఆపొద్దు. "ఇది జబ్బుకా, జాగర్తకా? ఎన్ని దినాలు?" అని అడగండి. అడిగేది తప్పు కాదు.

జాస్తి మందు ఎందుకు ముప్పు

"ఎక్కువ వేస్తే నష్టమేముంది? ఉంటే ఉంటాది" అని మా చిన్నాయన అడిగినాడు. నష్టం ఉంది, చిన్నాయనా.

మొదటిది, కడుపు. మన పేగుల్లో మంచి బాక్టీరియా కోట్లల్లో ఉంటాయి. దినాల తరబడి మందు తింటే అవి చచ్చి, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనేది రెచ్చిపోయి, ఆగని విరేచనాలు పట్టుకుంటాయి. ముసలోళ్లకు ఇది ప్రాణం మీదికి తెస్తాది.

రెండోది అసలైన ముప్పు. మందు వేసినప్పుడు బలహీనమైన బాక్టీరియా చచ్చిపోతాయి. మందుకు లొంగనివి మిగుల్తాయి. పోటీ లేని చేనులో కలుపు మాదిరి అవే పెరుగుతాయి. రేపు నిజంగా మెనింజైటిస్ వస్తే, అది తెచ్చేది ఇట్ల మిగిలిన మొండి బాక్టీరియానే.

మెదడు దగ్గర ఇది ఇంకా కష్టం. మెదడుకు రక్తం నుంచి అన్నీ పోనీకుండా ఒక కాపలా ఉంటాది. కాళ్ల పుండుకు పనిచేసే మందు, మెదడు నీళ్లలోకి చాలినంత పోకపోవచ్చు. అంటే మెదడుకు పనికొచ్చే మందులు ముందే తక్కువ. ఆ తక్కువలో సెఫ్ట్రియాక్సోన్ పనిచెయ్యకపోతే మెరోపెనెమ్ వెతకాల. మెరోపెనెమ్ కూడా పనిచెయ్యకపోతే కొలిస్టిన్. అది పాత మందు, కిడ్నీలను దెబ్బతీస్తాది, పైగా మెదడు నీళ్లలోకి సరిగా చేరదు. ఒకోసారి సన్న గొట్టంతో నేరుగా మెదడు నీళ్లలోకే పోయాల్సి వస్తాది. అక్కడికి వచ్చినాక డాక్టరు చేతిలో మిగిలేది చానా తక్కువ.

ఇది కట్టుకథ కాదు. 2008లో, ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వచ్చిన ఒక రోగి ఒంట్లో స్వీడన్ డాక్టర్లు ఒక బాక్టీరియాను కనిపెట్టినారు. దాని జన్యువు వల్ల మెరోపెనెమ్ తరగతి మందులు కూడా పనిచెయ్యవు. దానికి ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టినారు. ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, 2019 ఒక్క సంవత్సరంలోనే మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేలమంది చనిపోయినారు.

2021లో మనం నేర్చుకోవాల్సింది

ముక్కులోంచి మెదడు దాంకా జబ్బు ఎక్కే దారి మన పల్లెలకు మొదటిసారి తెలిసింది 2021 వేసవిలో. కరోనా తగ్గినాక బ్లాక్ ఫంగస్. ముక్కు మూసుకునేది, దవడ నొప్పి, కన్ను వాపు, తర్వాత మెదడు. జులై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు నమోదైనాయి. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆంఫోటెరిసిన్ సూదులకు జనాలు ఊర్లూర్లు తిరిగినారు. ముక్కు డాక్టర్లు రేయింబగళ్లు ఎండోస్కోప్ పెట్టి చచ్చిన కండను తీసేసినారు.

ఆ జబ్బు తెచ్చేది బాక్టీరియా కాదు, బూజు. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చెయ్యలేదు. షుగరు అదుపులో లేనివాళ్లకు, స్టీరాయిడ్లు లెక్కలేకుండా వాడినవాళ్లకు జాస్తిగా పట్టింది. అప్పుడు మనం నేర్చుకోవాల్సింది ఏమంటే, ప్రతి సూక్ష్మజీవికీ మందు వేరే. పడిశానికి కారణం వైరస్. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచెయ్యదు. కానీ కరోనా పొయ్యీపోకనే మళ్లీ పడిశానికి మూడు అజిత్రోమైసిన్ బిళ్లలు మింగేదానికి అలవాటు పడినాం.

అంగడిలో జరిగేది

మన పక్కూరి మనిషికి పట్నంలో ముక్కు దారిన పిట్యూటరీ గడ్డ తీసినారు. చూపు బాగైంది. ఇంటికొచ్చిన పదో దినం ఒక్క ముక్కులోంచి నీళ్లు కారడం మొదలైంది. వంగితే జాస్తి. "పడిశం పట్టింది" అని అంగడికి పోయినాడు. పడిశం బిళ్లలు, యాంటీబయాటిక్ కట్టిచ్చినారు. నాలుగు దినాలు తిన్నాడు. జొరం రొంత తగ్గినట్ల అనిపించి మళ్లీ ఎక్కింది, మెడ బిగుసుకుంది, మాట తడబడింది. ఆసుపత్రికి తోలుకోని పోయినారు. వెన్నులోంచి నీళ్లు తీసి కల్చర్ పెడితే ఏ బాక్టీరియా పెరగలేదు. ఆ నాలుగు దినాల బిళ్లలు జబ్బును తగ్గించలేదు గానీ, ఏ బాక్టీరియానో తెలియకుండా చేసినాయి. ఏది శత్రువో తెలియక డాక్టర్లు పెద్ద మందులన్నీ కలిపి ఎక్కించాల్సి వచ్చింది. మళ్లీ ఆపరేషను చేసి రంధ్రం మూసినారు. మనిషి బతికినాడు. కానీ మూడు వారాలు ఆసుపత్రిలోనే గడిచినాయి, రెండు ఆవులు అమ్మినారు.

ఆ అంగడాయన చెడ్డోడు కాదు. అడిగినోళ్లకు అడిగింది ఇచ్చినాడు. కానీ చట్టం వేరే చెప్తాంది. సెఫిక్సిమ్, మెరోపెనెమ్ లాంటి మందులను 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్‌1 కింద పెట్టినారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాల. అట్ట మీద ఎర్ర గీత ఉండే మందు చీటీ లేకుండా తినొద్దని 2016లో కేంద్రం ప్రచారం కూడా చేసింది. మన ఇంట్లో ఉండే అట్టలు తిప్పి చూడండి, ఆ ఎర్ర గీత కనిపిస్తాది.

మనుషుల్ని ఒక్కరినే తిట్టి లాభం లేదు. రేయి పిల్లోడికి జొరం వస్తే దగ్గర్లో డాక్టరు ఉండడు. మదనపల్లెకు పోతే ఒక దినం కూలి పోతాది, ఆటోకు, పరీక్షలకు దుడ్డు. అంగడికి పోతే యాభై రూపాయలతో అయిపోతాది. ఇది బద్ధకం కాదు, లెక్క. అందుకే పల్లె ఆసుపత్రిలో డాక్టరు ఉండేది, దగ్గర్లో కల్చర్ పరీక్ష చేసే ల్యాబ్ ఉండేది ప్రభుత్వం పని. అది అడిగే హక్కు మనకుంది. పెద్దాసుపత్రులు కూడా సుద్దపూసలేం కాదు. చీము పడితే బంధువులు గొడవ చేస్తారని భయపడి, డిశ్చార్జి చీటీలో ఏడు దినాల యాంటీబయాటిక్ అలవాటుగా రాసేది నేను చూసినా. భయంతో రాసే మందు రోగికి కాపుదల కాదు.

మనుషుల దగ్గరే ఆగలేదు ఈ కథ. కోళ్లు తొందరగా పెరిగేదానికి మేతలో కొలిస్టిన్ కలిపేవాళ్లు. మనిషికి ఆఖరి మందుగా మిగిలిన ఆ కొలిస్టిన్‌ను పశువులకు వాడకూడదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. టమోటాకు కొట్టే స్ట్రెప్టోసైక్లిన్‌లో ఉండేది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. రెండూ మనుషుల మందులే. దాన్ని పంటల మీద ఆపాలని కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. పాడావుకు పొదుగువాపు మందు వేసినాక ఎన్ని పూటలు పాలు పొయ్యకూడదో అట్ట మీద రాసుంటాది. ఎంతమంది చదువుతాం?

ఈ పాఠం మన మదనపల్లెదే

మందులకు లొంగని జబ్బంటే ఏమో మన ప్రాంతానికి కొత్తగా ఎవరో చెప్పాల్సిన పని లేదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1912లో డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో మొదలైన క్షయ శానటోరియం అది. అప్పట్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, పడుకోబెట్టి విశ్రాంతి, అంతే. దేశం నలుమూలల నుంచి రోగులు మన గాలి కోసం వచ్చినారు. ఆయన కొడుకు యోహానెస్ 1950 నుంచి 1955 దాంకా మదనపల్లె చుట్టూ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షయ లెక్క తీసిన పని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చైంది.

1940ల్లో స్ట్రెప్టోమైసిన్ వచ్చినప్పుడు క్షయ పీడ వదిలిందనుకున్నారు. 1948లో ఇంగ్లండు వాళ్లు అచ్చేసిన పరీక్షలోనే తెలిసిపోయింది, ఒక్క మందే ఇస్తే కొన్ని నెలల్లో క్రిమి దానికి లొంగకుండా పోతాదని. అప్పటినుంచే రెండు మూడు మందులు కలిపి, పూర్తి కాలం ఇచ్చే పద్ధతి వచ్చింది. మందు మధ్యలో ఆపేసేది కూడా ఒక కారణమై, ఈ పొద్దు మొండి క్షయ మన పల్లెల్లో కూడా ఉంది.

ఇంకొకటి. టెట్రాసైక్లిన్ తరగతి మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. అది 1948లో బయటికొచ్చింది. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ దుగ్గర్. ఆ పని జరిగిన అమెరికా లెడర్లీ కంపెనీలో పరిశోధన అంతటినీ నడిపించింది మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కళ్ల ముందర పుట్టిన మందును మనం పడిశానికి మింగి, తోటలో చల్లి వృథా చేస్తా ఉండాం.

ఏం చెయ్యాల

మీ ఇంట్లో ఎవరికన్నా ఈ ఆపరేషను అని చెప్తే, పోయేముందు ఇవి చెప్పండి: షుగరు ఉందా, పెన్సిలిన్ పడదా, గడిచిన మూడు నెలల్లో ఏ యాంటీబయాటిక్ తిన్నారు. పాత అట్టలు సంచిలో వేసుకోని పోండి. ముక్కులో చీము ఉంటే దాచొద్దు. ముందు అది తగ్గించి తర్వాత ఆపరేషను చేస్తారు. బీడీ, సిగరెట్ ఆపండి. ఆపరేషను రోజు సూది ఎప్పుడు వేస్తారని అడగండి.

ఇంటికొచ్చినాక చీదొద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాల. బిందె, మూట ఎత్తొద్దు. ముక్కకుండా మలం పోయేట్ల నీళ్లు, ఆకుకూరలు తినాల. డాక్టరు చెప్పేదాంకా వంగి పని చెయ్యొద్దు. నీళ్లు కారే ముప్పు ఉండేవాళ్లకు న్యుమోకాకస్ టీకా అవసరమేమో కనుక్కోండి.

ఒక్క ముక్కులోంచి పలచటి నీళ్లు కారినా, వంగితే బొట్లు పడినా, గొంతులో ఉప్పగా తగిలినా, జొరంతో మెడ బిగిసినా, వెలుతురు చూడలేకపోయినా, మాట తడబడినా, అంగడికి పోవద్దు. ఆపరేషను చేసిన ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి, అదే దినం పోండి. ఆ నీళ్లను చిన్న సీసాలో పట్టుకోని పోతే, బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే పరీక్షతో అది మెదడు నీళ్లా, పడిశమా అని తేలుస్తారు. ముందుగా యాంటీబయాటిక్ మింగి పోవద్దు.

ఆపరేషను లేనోళ్లు కూడా చెయ్యాల్సింది ఉంది. పడిశానికి, మామూలు గొంతు గరగరకు ఎర్ర గీత మందు అడగొద్దు. మిగిలిన బిళ్లలు పక్కింటికి ఇవ్వొద్దు. డాక్టరు జబ్బుకు రాస్తే మాత్రం మధ్యలో ఆపొద్దు. ఈ రెండో మాట మరిచిపోతే మొదటి మాటకు విలువ లేదు.

ఈ మాటలు ఫోన్ పట్టుకునే పిల్లలకు ఎందుకంటే, ఇంట్లో మందుల చీటీ చదివేది, మాత్ర పేరు వెతికేది, అమ్మానాయనలను ఆసుపత్రికి తోలుకోని పోయేది మీరే. పెద్దోళ్లు "సూది వెయ్యమను" అంటే, "ఏ జబ్బుకు, ఎందుకు" అని అడగగలిగేది మీరే. థియేటర్లో ఒక రోగికి నేను రాసిపెట్టేది ఒక్క డోసు, ఒక్క టైము. అంత తక్కువ మందుతో మనిషిని కాపాడే వీలు ఇప్పటికింకా ఉంది. ఆ వీలు ఇంకో ఇరవై ఏళ్లకు కూడా మిగిలేట్ల చూసుకునేది ఒక్క ఆసుపత్రోళ్ల చేతిలోనే లేదు.